జార్జి రాగం

మార్టిన్ మంచి పిల్లాడు. ఆ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత నేను వాణ్ని ఎన్ని తిట్టినా ఎవరూ తప్పు పట్టరు. ఆదివారం చర్చికి అందరికంటే ముందొస్తాడు. ఫ్యాన్లు వేస్తాడు, కుర్చీలు తుడుస్తాడు, ముసలివాళ్ల చెప్పులు వెతికి కాళ్ల దగ్గర పెడతాడు. అంత మంచివాడు కాబట్టే వాడి మీద నాకు మరీ ఒళ్లు మండింది. చెడ్డవాడైతే పోట్లాడి గెలిచేదాన్ని.

వాడు చేసిన పనల్లా ఒకటే. మా జార్జి పాటని సరిదిద్దాడు.

జార్జి మా ఆయన. రైలు పట్టాల మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. కిందటేడు వానాకాలంలో పోయారు. బతికుండగా ఒక్కనాడూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు పిలుస్తున్నాను, పలికే మనిషి లేరు కాబట్టి ఆ ధైర్యం. ఆయన పాటంటే ఆయన రాసింది కాదు. మా కీర్తనల పుస్తకంలో ఉన్నదే, సాయంకాలం పాడుకునేది. 'పొద్దు వాలె నా ప్రభువా, వాకిట నిలిచితివా' అని మొదలవుతుంది.

పుస్తకంలో మాటలు మాత్రమే ఉంటాయి. పైన చిన్న అక్షరాలతో రాగం పేరూ తాళం పేరూ అచ్చువేసి ఉంటాయి గానీ, అవి మాకు మందుసీసా మీద రాతల్లాంటివి. ఊళ్లో ఉన్నవాళ్లకి ఆ బాధ లేదు. పెద్దవాళ్లు పాడుతుంటే పిల్లలు పట్టేస్తారు. మేం భిలాయి స్టీల్ ప్లాంటుకి వచ్చిన కొత్తలో సెక్టర్ 6లో తెలుగు ఆరాధనకి వచ్చేవాళ్లు గుప్పెడు మంది. భీమిలి వాళ్లొకరు, పాలకొండ వాళ్లొకరు, కాకినాడ వాళ్లొకరు. ఎవరికైనా తెలిసిన పాటైతే పాడేవాళ్లం, ఎవరికీ తెలియనిదైతే పేజీ తిప్పేసేవాళ్లం. ఈ పాట అలా తిప్పేసిన పేజీల్లో ఉండేది.

ఒక శనివారం మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నప్పుడు జార్జి ఆ పేజీ తీసి, "దీనికి రాగం దొరికింది" అని పాడేశారు. ఎక్కడ దొరికిందని ఎవరూ అడగలేదు. నెమ్మదిగా నడిచే రాగం. రెండో పాదం చివర బాగా కిందికి దిగి, మూడో పాదంలో ఒక్కసారి పైకి లేస్తుంది. అది లేచినప్పుడు గదిలో ఆడవాళ్లందరి కళ్లూ తడయ్యాయి. ఆ తర్వాత ప్రతి శనివారం అదే పాట. మెల్లగా సంఘమంతా నేర్చుకుంది. సమాధుల తోటలో పాడాం, గృహప్రవేశాల్లో పాడాం, బదిలీ మీద వెళ్లిపోయేవాళ్లని సాగనంపుతూ స్టేషన్లో పాడాం. జార్జి రాగం అనేవాళ్లు. ఆంధ్రా నుంచి కూటాలకొచ్చే పాస్టర్లు విని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. అతిథులు కదా, ఏమీ అనేవాళ్లు కాదు.

మార్టిన్‌కి ఆ మొహమాటం లేదు. వాడిది ఫోనుల కాలం. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు, పాటలు హిందీ అక్షరాల్లో రాసుకుని పాడతాడు. పాటల గుంపు వాడి చేతికొచ్చాక ఒక్కొక్క పాటా ఫోన్లో వెతికి, అసలు రాగం ఏదో పట్టుకొచ్చి పిల్లలకి నేర్పడం మొదలుపెట్టాడు. వాళ్లు వారాల తరబడి చర్చి హాల్లో సాధన చేస్తుంటే మాటలు తెలియకపోయినా రాగం మా ఇంటికి వినిపిస్తూనే ఉండేది. ఏదో కొత్త పాట అనుకుని కూర తరుక్కుంటూ నేనూ కూనిరాగం తీశాను. అది మా పాటేనని నాకెలా తెలుస్తుంది?

ఆ ఆదివారం అందరం లేచి నిలబడ్డాం. వాడు కీబోర్డు మీద చెయ్యి వేశాడు. నేను ఎప్పట్లాగే గొంతెత్తాను. నాది ఒక దారి, పిల్లల వెంట పోయిన సంఘానిది ఒక దారి అయింది. ముందు వరసలో ఉన్న పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. నోరు మూసుకుని పాట అయ్యేదాకా పుస్తకంలోకి చూస్తూ నిలబడ్డాను.

ఆరాధన కాగానే వాణ్ని పట్టుకున్నాను. "ఏటి మార్టినూ, పాట మార్చేసేవు?"

"మార్చలేదు ఆంటీ, సహీ కియా. వైజాగ్‌లో, రాజమండ్రిలో అందరూ యహీ పాడతారు. ఏక్ బార్ సునియే," అని ఫోను నా చెవికి పెట్టాడు. ఎవరో ముసలివాళ్లు పాడుతున్నారు. చక్కగా ఉంది. మాటకి మాట అతికినట్టు ఉంది. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది.

"మనం ఇన్నాళ్లూ గలత్ పాడుతున్నాం ఆంటీ."

"గలతయితే దేవుడు ఇన్నాళ్లూ చెవులు మూసుకున్నాడేటి?"

వాడు నవ్వి, నా చేతిసంచీ అందుకుని, "అంకుల్‌కి పతా నహీ థా, తెలీదు కదా ఆంటీ, ఏం చేస్తారు?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఇంటికొచ్చి నేను అన్నం తినలేదు.

వాళ్లేం పాడుకుంటే నాకేం, మా ఇంట్లో మా పాట పాడుకుంటాను, ఎవడు ఆపుతాడు అనుకున్నాను. సాయంత్రం టీ పెట్టుకుంటూ మొదలుపెట్టాను. మొదటి పాదం వచ్చింది. రెండో పాదంలోకి వెళ్లేసరికి మార్టిన్ రాగం వచ్చింది. ఆపి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అదే. టీ మరిగి మరిగి నల్లబడింది గానీ ఆయన రాగం రాలేదు. నాలుగు రోజులు ప్రయత్నించాను. చివరికి ఆ మొదటి పాదం కూడా అనుమానంలో పడింది.

అప్పుడు భయం పట్టుకుంది. ఆయన ఫొటో ఉంది, చొక్కాలున్నాయి, కళ్లజోడు ఉంది. వాటిని చూస్తే చనిపోయిన మనిషే గుర్తొస్తారు. ఆ పాట అలా కాదు. అది వస్తే బతికున్న మనిషి వచ్చేవారు, ఎక్కడున్నా వచ్చి నా పక్కన కూర్చునేవారు. కూరల బజార్లో కూడా వచ్చేవారు. రాగం పోతే ఆయన ఇంక దేన్ని పట్టుకుని వస్తారు?

మా అమ్మాయి జెన్నీ ప్లాంటు ఆస్పత్రిలో నర్సు. దానికిచ్చిన క్వార్టర్లోనే ఇద్దరం ఉంటున్నాం. నా అవస్థ చూసి, తన నోటా పాత రాగం రాక, ఫోనంతా వెతికింది. మా ఇంట్లో ఫొటోలు, వీడియోలు తీసేది ఎప్పుడూ ఆయనే. వేరే పాటలు అందరం పాడుతుంటే ఆయన చెయ్యి వణక్కుండా ఫోను పట్టుకునేవారు, ఈ పాటకి మాత్రం ఫోను పక్కన పెట్టి తనే ఎత్తుకునేవారు. మేమందరం ఉన్నాం, ఆయన లేరు. ఒక్కదాంట్లో మాత్రం గొంతు వినిపించింది. "భాగ్యం, పాలు పొంగుతున్నాయి చూడు" అని. నా ఖర్మ, ఆయన గొంతు దొరికింది గానీ పాలు పొంగుతున్నాయని చెప్పడానికి దొరికింది. జెన్నీ నవ్వబోయి, నా మొహం చూసి ఆపేసింది.

అప్పట్లో మాతో పాడినవాళ్లు కొందరు పోయారు, కొందరు పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. ఇప్పుడు చర్చిలో ఉన్నవాళ్లని అడిగితే వాళ్లూ నాలాగే తడబడి మార్టిన్ రాగంలోకే వెళ్లారు. విశాఖపట్నంలో ఉన్న ఒకావిడకి ఫోన్ చేస్తే సంతోషంగా అందుకుంది. పాడింది కూడా. మార్టిన్ రాగమే పాడింది. వాళ్ల చర్చిలో అదేనట, మాది ఎప్పుడో మర్చిపోయిందట.

"నూకమ్మ ఆంటీని పూఛో నా మమ్మీ," అంది జెన్నీ. "బగల్ మే, పక్కింట్లోనే కదా. పప్పా పాట రోజ్ సున్‌తీ థీ."

నూకమ్మ మా పాత క్వార్టర్లో పక్కింటావిడ. వాళ్లు హిందువులు, అనకాపల్లి వైపు వాళ్లు. దేవుడు వేరైనా గోడ ఒకటే. మా ఇంట్లో ఏం పాడినా, ఏం పోట్లాడినా వాళ్లింట్లో వినపడేది. నూకమ్మ మా ఆయన్ని అన్నయ్యా అనేది, అందుకని మేమిద్దరం ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లం. వాళ్లాయన గురునాథరావు గారు రిటైరయ్యాక భిలాయి-3లో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదో తెలియదు. పాట అంటే చర్చి వాళ్లకే తెలుస్తుందని నా బుర్రలో ఉండిపోయింది కాబోలు.

మర్నాడే పవర్ హౌస్ సెంటర్లో భిలాయి-3 వెళ్లే ఆటో ఎక్కాను.

ముందు గదిలో గురునాథరావు గారు టీవీ పెద్దగా పెట్టుకుని కునుకు తీస్తున్నారు. నూకమ్మ వెనక వరండాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి లేవబోయింది, మోకాళ్లు సహకరించలేదు.

"ఏటొదినా, దారి తప్పొచ్చేవా?"

"నువ్వు ఎలాగూ రావు. నేనే వచ్చేను."

"నానొస్తానంటే ఈ మోకాళ్లు రానివ్వవు. కూకో, కూకో. చిక్కిపోనావేటి?"

కోడలు టీ తెచ్చి పెట్టి లోపలికి వెళ్లింది. నేను ఉగ్గబట్టుకోలేక వచ్చిన పని చెప్పేశాను. మార్టిన్ సంగతి, పాట పోయిన సంగతి అంతా. మార్టిన్‌ని తిట్టాల్సిన చోట తిట్టాను కూడా. నూకమ్మ తల వంచుకుని ఈనెలు తీస్తూనే వింది.

"అన్నయ్య శనివారం శనివారం పాడీ పాట కదా?"

"అదే. నీకు గుర్తున్నాదా?"

"గుర్తులేకేటి. అది మాయమ్మ పాట."

ఆవిడ పొరపాటు పడిందనుకున్నాను. "కాదొదినా, మా ఆయన సొంతంగా కట్టిన రాగం అది," అన్నాను కాస్త గట్టిగానే.

"కట్టేడు, ఎవులు కాదన్నారు? మాయమ్మ రాగాన్ని మీ మాటలకి కట్టేడు." ఆవిడ గొంతులో ఏ కోపమూ లేదు. "పొద్దున్న పూట నాను రుబ్బురోలు కాడ కూకుని మినపప్పు రుబ్బుతూ పాడీదాన్ని. అన్నయ్య నైట్ డూటీ చేసొచ్చి మీ వెనక వసారాలో మంచమేసుకుని తొంగునీవోడు. ఓనాడు గోడ మీద్నుంచి తల పెట్టి, 'చెల్లెమ్మా, ఆ రాగం శానా బాగున్నాది, మాకిస్తావా' అనడిగేడు. అదేటి చింతపండా ఇవ్వడానికి? తీస్కో అన్నయ్యా అన్నాను. నవ్వుకున్నాం."

నాకు మొదట ఆయన మీద కోపమొచ్చింది. నాతో ఒక్క మాటైనా అనలేదే అని. దొరికింది అన్నారు, అంతే. పోయిన మనిషితో పోట్లాట పెట్టుకుని ఏం లాభమని కోపాన్ని పక్కన పెట్టాను. ఏదైతేనేం, రాగం ఉన్న మనిషి ఎదురుగా ఉంది.

"అయితే మరీ మంచిది. ఒక్కసారి పాడు వదినా. నేను నేర్చుకుపోతాను."

"నాను పాడను."

"గొంతు బాగులేదా?"

"గొంతుకేటి, బాగానే ఉన్నాది." చిక్కుడుకాయ పళ్లెంలో వేసి చేతులు చీరకి తుడుచుకుంది. "మాయమ్మ పోయినప్పుడు కబురు ఆలీసంగా వచ్చింది, నీకు గుర్తుండాల. నానెల్లేసరికి అంతా అయిపోనాది. అక్కడ జనం మధ్యలో నాకు ఏడుపు రాలేదొదినా. తిరిగొచ్చేక రోలు కాడ కూకుని, ఇప్పుడు నానొక్కదాన్నే కదా, మాయమ్మ పాట పాడుకుని ఏడుద్దామని నోరిప్పేను. మాయమ్మది రాలేదు. అన్నయ్యది వచ్చింది."

"అన్నయ్యది అంటే?"

"మెల్లగా, సాగదీసి, మీ ప్రార్థనలో లాగ. మాయమ్మది అలగుండదు. తిరగలి తిప్పుతూ పాడీది కదా, గబగబా ఉంటాది. మధ్యలో ఎక్కడో ఇరుపు కూడా ఉంటాది. మీరు శనివారం శనివారం పాడతా ఉంటే ఇని ఇని నా చెవిలో అదే ఉండిపోనాది. ఎన్నిసార్లు మొదలెట్టినా అన్నయ్యే వచ్చీవోడు. ఆ పొద్దు పప్పు అలాగే వదిలేసి లేచిపోనాను. అప్పట్నించి ఆ పాట మరి ఎత్తలేదు."

టీవీలో ఎవరో గట్టిగా నవ్వుతున్నారు. మార్టిన్‌ని నేను ఇందాకే తిట్టిన తిట్లన్నీ నాకు వరసగా గుర్తొచ్చాయి. అవే తిట్లు ఈవిడ మా ఆయన్ని తిట్టొచ్చు. ఇన్నేళ్లలో ఒక్కటీ తిట్టలేదు. పైగా ఆయన పోయిన రోజున మా ఇంటికొచ్చి, వంటగదిలో దూరి, మా చుట్టాలందరికీ అన్నం వండి పెట్టింది.

"అప్పుడే చెప్పొచ్చు కదా వదినా. వేరే రాగం చూసుకునేవారు."

"చెప్తే అన్నయ్య మానీవోడు. మానేస్తే అదీ ఉండదు కదా. మాయమ్మ కాపోయినా మాయమ్మ చుట్టం లాటిది. శనివారం మీ ఇంట్లో పాట ఎత్తుకుంటే నాను పొయ్యి ఆర్పేసి వెనక గుమ్మంలో కూకునీదాన్ని. ఎక్కడైనా మాయమ్మ తగుల్తాదేమోనని. మీకు తెల్దు."

మాకు తెలియదు. గోడ అవతల ఒక మనిషి అలా కూర్చుని వింటోందని మాలో ఎవరికీ తెలియదు.

ఆవిడే మళ్లీ అంది. "ఒదినా, నువ్వు కొత్తగా కాపరానికొచ్చినప్పుడు అన్నయ్య ఇంకా ఈ పాట పట్టుకోలేదు. అప్పుడు నా నోటితో ఇన్నావు నువ్వు. నాకైతే పోనాది. నీకేమైనా ఉండిపోనాదేమో. ఒక్కపాలి అనవా?"

నేను పాట అడగడానికి వచ్చాను. ఆవిడ నన్ను అడుగుతోంది.

విన్నాను. బాగా విన్నాను. కాపరానికొచ్చిన మొదటి నెలలు. చుట్టుపక్కల అన్నీ తెలియని భాషలు, పాలవాడితో కూడా సైగలే. వంటింటి కిటికీ దగ్గర నిలబడితే గోడ అవతల నుంచి నానిన పప్పు వాసన, పొత్రం తిరిగే చప్పుడు, దాంతోపాటు ఒక ఆడమనిషి తెలుగు. ఆవిడెవరో ఇంకా తెలియదు. గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చాను. మాటలన్నీ గుర్తున్నాయి. 'కంది చేను కాసిందే, కావలెవరే అమ్మా. కావలి పిల్ల నిద్దరోయె, కాకులొచ్చెనమ్మా.' తర్వాత తల్లి వస్తుందా రాదా అని ఆ పిల్ల గట్టు మీద నిలబడి పిలుస్తుంది.

రాగం కూడా గుర్తున్నట్టే అనిపించింది. గబగబా ఉండేది, నిజమే, అందుకే తర్వాత ఆయన సాగదీసి పాడితే పోల్చుకోలేకపోయాను. దేవుడి తోడు, ఆ నిమిషంలో నా అవసరం నాకు గుర్తులేదు. ఈవిడకి వాళ్లమ్మని ఒక్కసారి ఇచ్చేస్తే చాలనుకున్నాను. పొత్రం తిరిగే వేగం తప్పకుండా మోకాలి మీద చేత్తో దరువేసుకుంటూ మొదలుపెట్టాను.

మొదటి పాదం వేగంగానే వెళ్లింది. నూకమ్మ కళ్లు పెద్దవయ్యాయి. రెండో పాదంలో నా చెయ్యి నాకు తెలియకుండానే నెమ్మదించింది. కావలి పిల్ల నిద్దరోయింది, రాగం కిందికి దిగింది, బాగా దిగింది. మూడో పాదంలో తల్లిని పిలిచేచోట ఒక్కసారి పైకి లేచింది.

వచ్చేశారు. తలస్నానం చేసి వచ్చినట్టు జుట్టు తడిగా ఉంది, మెడలో తువ్వాలు ఉంది, మొహం మీద నిద్ర చాలని ఎరుపు ఉంది. కీర్తన మాటలతో ఎప్పుడు మొదలుపెట్టినా మార్టిన్ అడ్డొచ్చాడు. కంది చేనులోకి మార్టిన్ రాలేదు. ఆయన ఒక్కరే ఉన్నారు. మొత్తం రాగం, ఎక్కడా తెగకుండా, ఆయన ఎక్కడ నిలిపేవారో అక్కడ నిలుస్తూ, నా నోట్లోంచి వస్తోంది.

"అది కాదొదినా," అంది నూకమ్మ మెల్లగా.

తెలుసు. ఆపెయ్యాలని కూడా తెలుసు. ఆవిడ కోసం ఎత్తుకున్న పాటలో నాకు కావలసింది నాకు దొరికింది, ఆవిడకి దొరకలేదు. ఇంతకంటే అన్యాయం ఉండదు. అయినా ఆపలేకపోయాను. ఆపితే మళ్లీ వస్తారో రారో అని భయం. కళ్లనీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా పాడుతూనే ఉన్నాను.

నూకమ్మ పళ్లెం పక్కకి నెట్టి, చాప మీదే జరిగి జరిగి నా దగ్గరికి వచ్చింది. నా చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. "పాడు. ఆపకు. అన్నయ్యని రానీ," అని కళ్లు మూసుకుంది.

చివరిదాకా పాడాను. పాట అయిపోయాక కూడా ఆవిడ కళ్లు తెరవలేదు, చెవి నా వైపే పెట్టి కూర్చుంది. ఈసారైనా వాళ్లమ్మ వస్తుందేమోనని ఆవిడ చేతిలోనే దరువేస్తూ, మళ్లీ మొదటినుంచి, గబగబా ఎత్తుకున్నాను.